గొల్లభామను పెంచుతున్నారా? ఆ అరగంటే కీలకం.. గూడు ఎలా ఉండాలంటే..

వానలు మొదలైతే చాలు.. నేరేడ్‌మెట్, సైనిక్‌పురి, వాయుపురి వైపు ఇళ్ల ముందున్న కరివేపాకు చెట్టు మీదో, మందారం కొమ్మ మీదో పచ్చగా, పుల్లలా ఓ పురుగు కనిపిస్తుంటుంది. ముందరి కాళ్లు రెండూ దండం పెడుతున్నట్టు ముడుచుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ మనుషుల్నే తేరిపార చూస్తుంది. అదే గొల్లభామ. ఇంగ్లిష్‌లో ప్రేయింగ్ మాంటిస్ అంటారు. కొన్ని ఊళ్లలో మిడతను కూడా గొల్లభామే అంటారు కానీ, ఇక్కడ చెప్పుకునేది దండం పెట్టే పురుగు గురించే.

పిల్లలు దాన్ని పట్టి సీసాలో వేస్తారు. ఈగను వదిలితే కళ్లు మూసి తెరిచేలోగా పట్టేస్తుంది. చూడ్డానికి భలే సరదా. కుక్కకో పిల్లికో చోటు లేని అపార్ట్‌మెంట్లో ఇంతకంటే తేలికైన పెంపుడు ప్రాణి ఏముంటుంది అనిపిస్తుంది. పది పదిహేను రోజులు బాగానే గడుస్తాయి. ఓ రోజు పొద్దున లేచి చూస్తే.. సీసా అడుగున కాళ్లు వంకర్లు తిరిగి, సగం పొట్టు ఒంటికి అంటుకుని పడి ఉంటుంది. తిండి పెట్టారు, నీళ్లు చల్లారు. మరి ఎందుకు పోయింది? చాలాసార్లు జవాబు ఒక్కటే. కుబుసం విడవడానికి దానికి చోటు లేదు.

తలకిందులుగా వేలాడితేనే..

గొల్లభామకు ఎముకలు ఒంటి లోపల ఉండవు. పైనున్న గట్టి పొరే దాని అస్థిపంజరం. ఆ పొర సాగదు. కాబట్టి పెరగాలంటే పాత పొరను వదిలించుకుని కొత్తదానితో బయటికి రావాల్సిందే. గుడ్డు నుంచి బయటపడిన దగ్గర్నుంచి రెక్కలొచ్చే దాకా జాతిని బట్టి ఆరు నుంచి తొమ్మిది సార్ల వరకూ ఇలా కుబుసం విడుస్తుంది. మగవాటికి ఒకటో రెండో తక్కువ.

పాము కుబుసం విడిచినంత తీరిగ్గా జరిగే పని కాదిది. గొల్లభామ గూడు పైకప్పునో, ఎత్తైన పుల్లనో వెనక కాళ్లతో గట్టిగా పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది. వీపు మీద పాత పొర పగులుతుంది. ఇక అక్కడి నుంచి ఒంటి బరువే దానికి సాయం. మెల్లగా కిందికి జారుతూ తల, ముందరి కాళ్లు, ఆ తర్వాత సన్నటి పొడవాటి కాళ్లు ఒక్కోటీ ఒరలోంచి కత్తి తీసినట్టు బయటికి లాక్కుంటుంది. ఆ సమయంలో ఒళ్లంతా మెత్తగా, తడి కాగితంలా ఉంటుంది. 20 నిమిషాల నుంచి అరగంటలో పని అయిపోతుంది. కాస్త ఆరాక పైకి తిరిగి తన పాత పొట్టునో, పక్కనున్న పుల్లనో పట్టుకుని గట్టిపడే దాకా అక్కడే ఉండిపోతుంది.

మధ్యలో పట్టు జారి పడిందా.. అంతే సంగతి. మెత్తటి కాళ్లు ఎలా మడతపడితే అలాగే గట్టిపడిపోతాయి. ముందరి కాళ్లు వంకరైతే వేట పోయింది. వేట పోతే తిండి పోయింది. కింద చోటు చాలకపోయినా ఇదే గతి. పూర్తిగా బయటికి రాకముందే తల అడుగుకు తగిలితే మిగతా ఒళ్లు పాత పొరలోనే ఇరుక్కుపోతుంది.

మూడింతల ఎత్తు లెక్క

అందుకే ప్రపంచంలో గొల్లభామల్ని పెంచేవాళ్లంతా పాటించే లెక్క ఒకటుంది. పురుగు పొడవుకి కనీసం మూడింతల ఎత్తు, రెండింతల వెడల్పు. ఇళ్ల దగ్గర కనిపించే పెద్ద పచ్చ గొల్లభామ హైరోడ్యులా జాతిది అయితే పెద్దయ్యాక 7 నుంచి 9 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే దాని గూడు ఎత్తు 27 సెంటీమీటర్లకు తగ్గకూడదు.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. సీసా ఎత్తు 27 ఉంటే సరిపోతుందనుకుంటారు. అడుగున నాలుగు సెంటీమీటర్ల మట్టి పోసి, అందంగా ఉంటుందని గులకరాళ్లు పేర్చి, మధ్యలో ఓ మొక్క గుచ్చుతారు. ఇప్పుడు వేలాడే చోటు నుంచి కింద అడ్డు తగిలే వస్తువు దాకా మిగిలింది ఎంత? లెక్కలోకి వచ్చేది ఆ ఖాళీ మాత్రమే. అలంకరణ చూసేవాళ్లకి, ఖాళీ పురుగుకి. అడుగున టిష్యూ పేపర్ ఒకటి పరిస్తే చాలు. తడి పీల్చుకుంటుంది, మురికైతే తీసేయొచ్చు. ఓ ఏటవాలు పుల్ల పైదాకా వెళ్లేలా పెడితే కింద పడినా మళ్లీ ఎక్కుతుంది.

ఇక పైకప్పు. నున్నటి ప్లాస్టిక్ మూతను పెద్ద గొల్లభామ బరువుతో పట్టుకుని అరగంట వేలాడటం కష్టం. గరుకైన పట్టు కావాలి. దీనికి దోమతెర గుడ్డను మించింది లేదు. పెద్ద మిఠాయి డబ్బా మూతకి మధ్యలో కిటికీలా కోసి, లోపలి వైపు దోమతెర ముక్కను అంటిస్తే గాలీ ఆడుతుంది, పట్టూ దొరుకుతుంది. ఇనుప జాలీ వద్దు. దాని గోళ్లు, పాదాల కొసలు ఇరుక్కుని తెగిపోయే ప్రమాదం ఉంది.

మరో చిన్న విషయం.. తిండి వేయడానికి మూత తీయకూడదు. గొల్లభామ ఎక్కువసేపు ఉండేది మూతకే. కుబుసం మధ్యలో ఎవరైనా మూత లాగితే పురుగు కింద పడ్డట్టే. డబ్బా పక్కన రూపాయి బిళ్లంత రంధ్రం చేసి, స్పాంజి ముక్కతో మూసుకుంటే ఈగల్ని అక్కడి నుంచి వదలొచ్చు. ఆ రంధ్రం పెద్దవాళ్లు చేసివ్వాలి. కాల్చిన కడ్డీతో పిల్లల్ని చేయనివ్వొద్దు.

గూడు పెద్దదైతే ఇంకా మంచిది కదా అనుకోవద్దు. సెంటీమీటరు కూడా లేని పిల్లను పెద్ద డబ్బాలో వేస్తే దానికి ఈగ కనిపించదు, ఆకలితో పోతుంది. పిల్లకి చిన్న గ్లాసు, ఎదిగాక పెద్ద డబ్బా.. అలా రెండు మూడు గూళ్లు మారాల్సిందే. అలాగే ఒక గూట్లో ఒక్కటే ఉండాలి. తోబుట్టువులైనా సరే, ఒకదాన్నొకటి తినేస్తాయి.

ఎప్పుడు విడుస్తుందో తెలిసేదెలా?

ముందే చెబుతుంది. రోజూ ఈగ కనపడగానే దూకేది, ఒక్కసారిగా తిండి మానేస్తుంది. కొన్నిసార్లు ఈగను చూసి భయపడి పక్కకు జరుగుతుంది కూడా. పొట్ట నిండుగా ఉంటుంది, రంగు కాస్త మసకబారుతుంది, పైకప్పుకి వేలాడి కదలదు. చివరి కుబుసానికి ముందైతే వీపు మీద రెక్కల మొగ్గలు ఉబ్బుతాయి. ఒకటి నుంచి మూడు నాలుగు రోజులు ఇలా ఉండొచ్చు.

ఇది చూసి జబ్బు చేసిందని కంగారుపడి బయటికి తీసి, పట్టకారుతో నోటికి తిండి అందించే వాళ్లున్నారు. అదే చేయకూడదు. ముట్టుకోకూడదు, గూడు కదపకూడదు. లోపల మిగిలిన ఈగల్ని, ముఖ్యంగా కీచురాళ్లను వెంటనే తీసేయాలి. మెత్తగా వేలాడుతున్న గొల్లభామను కీచురాయి కొరికేయగలదు. వేటగాడే ఆ కాసేపు వేట అవుతాడన్నమాట. కుబుసం అయ్యాక కూడా ఒక రోజు ఆగి తిండి పెట్టాలి. కోరలు గట్టిపడాలి కదా.

ఒకవేళ పడిపోతే? ఒళ్లు ఇంకా మెత్తగా ఉంటే, దాని కొసన అంటుకున్న పాత పొట్టును గుండుసూదితోనో దారంతోనో పైకి వేలాడదీసి చూడొచ్చు. పొట్టు ఇరుక్కుంటే లాగకూడదు, కాలు ఊడొస్తుంది. తడి దూదిని దగ్గర్లో ఉంచి తేమ పెంచాలి. కాలు పోయినా ఆశ వదలక్కర్లేదు. ఇంకా కుబుసాలు మిగిలి ఉన్న పిల్లకి ఆ కాలు మళ్లీ మొలుస్తుంది, కాస్త చిన్నదిగానైనా. వంకర కాళ్ల పురుగుకి ఈగను పట్టకారుతో నోటికి అందిస్తే తింటుంది. తర్వాతి కుబుసంలో సరిపడొచ్చు. చివరి కుబుసంలో దెబ్బతిన్నదానికి మాత్రం మరో అవకాశం ఉండదు.

నేరేడ్‌మెట్ ఎండకి హీట్ ల్యాంప్ ఎందుకు?

యూట్యూబ్‌లో విదేశీ వీడియోలు చూసి గూడు కట్టేవాళ్లు హీట్ ల్యాంప్ కొనాలేమో అనుకుంటారు. అది చలి దేశాల అవసరం. ఇక్కడ సమస్య పొడి గాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో, ఏసీ గదిలో కూడా, తేమ పడిపోతుంది. పొర ఎండి ఒంటికి అతుక్కుంటుంది. రోజుకి ఒకట్రెండు సార్లు స్ప్రే బాటిల్‌తో గోడల మీద సన్నగా నీళ్లు కొడితే గొల్లభామ ఆ చుక్కలే తాగుతుంది, తేమా ఉంటుంది. కుళాయి నీళ్లయితే రాత్రంతా మూత తీసి ఉంచినవి వాడటం మేలు. వానాకాలంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. తడి ఎక్కువై బూజు పడుతుంది, అప్పుడు గాలే మందు. డిసెంబరు చలికి తిండి తగ్గిస్తుంది, కుబుసానికీ ఎక్కువ రోజులు పడుతుంది. కంగారు అక్కర్లేదు. ఏ కాలమైనా కిటికీ ఎండలో మాత్రం డబ్బా పెట్టకూడదు. మూసిన డబ్బా నిమిషాల్లో పొయ్యి అవుతుంది.

అన్ని జాతులకూ ఒకే తేమ పనికిరాదు. దక్షిణ భారతం, శ్రీలంకల్లో ఉండే వయొలిన్ మాంటిస్ అందుకు మంచి ఉదాహరణ. ఎండుటాకులా కనిపించే దీనికి 1758లోనే లిన్నేయస్ పేరు పెట్టాడు. విదేశాల్లో పెంపకందారులు మోజుపడే జాతి ఇది. దీనికి వేడి, పొడి వాతావరణమే ఇష్టం. ఎగిరే పురుగుల్నే తింటుంది. మిగతావాటిలా కాకుండా తిండి సరిపడా ఉంటే గుంపుగానూ బతుకుతుంది. భారత్‌లో 160కి పైగా, ప్రపంచంలో దాదాపు 2,400 గొల్లభామ జాతులున్నాయి. ఏది దొరికిందో తెలుసుకున్నాకే గూడు కట్టడం మేలు.

అసలు శత్రువు ప్లగ్ పాయింట్‌లో..

నగరంలో గొల్లభామకి కుబుసం కన్నా పెద్ద గండం ఇంకోటుంది. దోమల లిక్విడ్ మెషీన్. అందులోని మందు దోమకీ గొల్లభామకీ తేడా చూడదు, రెండూ పురుగులే. కాయిల్స్, బొద్దింకల స్ప్రే, గీత గీసే చీమల చాక్‌పీసు.. అన్నీ అంతే. చెరువుల పక్క కాలనీల్లో దోమలకి ఫాగింగ్ జరగడం మామూలే. ఆ బండి చప్పుడు వినపడగానే గూడును లోపలి గదిలోకి మార్చి కిటికీలు మూయాలి. చీమలు పట్టకుండా ఉండాలంటే పాత పద్ధతే మేలు. పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో ఇటుక పెట్టి, దాని మీద డబ్బా ఉంచాలి.

ఇదే జాగ్రత్త తిండికీ వర్తిస్తుంది. మందు కొట్టిన ఇంట్లో దొరికిన బొద్దింక విషపు ముద్దే. మగ్గిన అరటిపండు ముక్కను సీసాలో వేసి బయట ఉంచితే పండ్ల ఈగలు వస్తాయి, చిన్న పిల్లలకు అవి చాలు. ఎదిగినవాటికి ఈగలు, రాత్రి ట్యూబ్‌లైట్ దగ్గర చేరే రెక్కల పురుగులు సరిపోతాయి. రెండు మూడు రోజులకోసారి, పొట్ట చూసి పెట్టాలి.

పట్టే ముందు.. వదిలే ముందు

పెరట్లో దొరికిన ఒకటి చాలు. కేబీఆర్ నేషనల్ పార్కు లాంటి రక్షిత ప్రాంతాల నుంచి ఏ ప్రాణినీ తీసుకురాకూడదు, అది నేరం. విదేశాల నుంచి బతికున్న పురుగుల్ని అనుమతి లేకుండా తెప్పించుకోవడానికీ చట్టం ఒప్పుకోదు. దానికి కారణం లేకపోలేదు. దక్షిణాఫ్రికా గొల్లభామ ఒకటి 1978లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో కనిపించింది. ఇప్పుడు అక్కడి సొంత జాతికే ఎసరు పెడుతోంది. అక్కడి మగ గొల్లభామలు పొరపాటున ఈ కొత్త జాతి ఆడవాటి దగ్గరికి వెళ్లి ఆహారమైపోతున్నాయి.

రెక్కలొచ్చాక గొల్లభామ ఇక కుబుసం విడవదు. ఆ తర్వాత దానికి మిగిలేది కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. పొట్ట కింద పట్టీలు లెక్కపెడితే ఆడదో మగదో తెలుస్తుంది. ఆడదానికి ఆరు, మగదానికి ఎనిమిది. ఆడది అయితే మగతోడు లేకపోయినా నురగ గట్టిపడినట్టుండే గుడ్ల తిత్తి పెడుతుంది. జత కలవకపోతే ఆ గుడ్లు సాధారణంగా పొదగవు. అందుకే రెక్కలొచ్చిన వారం పది రోజులకి, పట్టిన చోటే, మందు కొట్టని మొక్క మీద సాయంత్రం పూట వదిలేస్తే దానికి తోడు దొరికే వీలుంటుంది. మరుసటి వర్షాకాలం అదే కరివేపాకు కొమ్మకి తిత్తి కనిపిస్తే కత్తిరించకుండా వదిలేయాలి. ఒక్కో తిత్తిలోంచి పదుల సంఖ్యలో, కొన్ని జాతుల్లో వందకు పైగా పిల్లలు ఒకేసారి దారాలకు వేలాడుతూ దిగుతాయి. పొద్దున్నే చూస్తేనే కనిపిస్తాయి, ఎండెక్కేసరికి చెల్లాచెదురైపోతాయి.