మార్కులును మాతృప్రేమయు



ఆదివారమునాడు మన పట్టణములలోని యింటర్మీడియట్ వసతిగృహముల ద్వారముల యొద్ద నొక దృశ్యము తఱచు కానవచ్చును. తల్లి పులిహోరయు, సున్నియుండలును డబ్బాలో నమర్చుకొని గంటలకొలది బస్సులో ప్రయాణించి వచ్చును. బిడ్డ యెదుట నిలువగనే యామె నోట వెడలు మొదటి మాట "పరీక్షలో నెన్ని వచ్చినవి?" అని. తినుచున్నాడా, నిద్రించుచున్నాడా యను ప్రశ్నలు తరువాతివి.

ఆ తల్లికి ప్రేమ లేదని యెవ్వరనగలరు? నగలు తాకట్టుపెట్టి రుసుము చెల్లించినది. తనకు లభింపని చదువు బిడ్డకు లభింపవలెనని కోరినది. కాని బిడ్డ మనస్సున నాటుకొనునది వేఱు: "మార్కులు వచ్చిననే నేనీ యింటికి ప్రియుడను." అటుపిమ్మట వాడు తెలియని పాఠమును తెలియదని చెప్పడు, తప్పులు దాచును, తుదకు దుఃఖమును సైతము దాచును. ఇదియే మిక్కిలి భయంకరము.

2019వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణలో నింటర్మీడియట్ ఫలితములు వెలువడినవి. కొలది దినములలోనే యిరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో తప్పులును దొరలినవి. 99 మార్కులు రావలసిన యొక బాలికకు సున్న పడినది. 2022లో దేశమంతట నిట్లు ప్రాణములు విడిచిన విద్యార్థులు 13,044 మందియని ప్రభుత్వ లెక్కలు తెలుపుచున్నవి. ఒక్కొక్క మరణమునకు కారణములనేకము లుండవచ్చును. కాని యొకటి నిశ్చయము: అంకెయే తప్పుకాగలదు; ఆ యంకెతో బిడ్డ విలువ కట్టుట యంతకంటె పెద్ద తప్పు.

భయము చదువునకును శత్రువే. నేర్చినది మనస్సున నిలుచుటకు నిద్ర యవసరము. దిగులుతో రాత్రులు మేల్కొనువాడు చదివినదియు మఱచిపోవును.

కావున మనము చేయదగిన దేమి? పొరుగింటి బాలుని ర్యాంకు మన యింట నెత్తకుందము. "ఏ పాఠము కష్టముగా నున్నది?" అని యడిగి, చెప్పినప్పుడు కోపింపక విందము. పరీక్ష తప్పినచో సప్లిమెంటరీ పరీక్ష కలదని ముందుగనే చెప్పుదము. బిడ్డ తిండి మానినను, మాటలు తగ్గించినను, బ్రతుకుపై విసుగు తెలిపినను, దానిని సోమరితనమని కొట్టివేయరాదు. వెంటనే వైద్యుని సలహా పొందవలెను. 2022లో నారంభమైన టెలీమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోనుచేసిన యెడల రేయింబవళ్లు నుచితముగా సలహా లభించును, తెలుగునను మాటాడవచ్చును.

వచ్చు ఆదివారము డబ్బా మూత తీసి, మొదట బిడ్డకు తినిపింపుడు. మార్కుల మాట వాడే యెత్తువఱకు వేచియుండుడు.