మార్ఫా: మూడు దెబ్బల విద్య

తెలంగాణమున పెండ్లి ఊరేగింపు బయలుదేరిన చోటనెల్ల "తీన్మార్" అను కేక వినవచ్చును. అది నాట్యమునకు పేరైనది. టీవీ వార్తలకును పేరైనది. మాటకు అర్థము మూడు దెబ్బలని మాత్రమే. ఆ దెబ్బలు ఎవరి చేతులనుండి మనకు వచ్చినవో తలచువారు తక్కువ.

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణమున, చాంద్రాయణగుట్ట ప్రక్కన బార్కస్ కలదు. సైనికుల బ్యారక్సులే జనుల నోటబడి బార్కసైనవి. నైజాముల కొలువున సిపాయిలుగా నుండిన హద్రమౌత్ అరబ్బుల సంతతివారు అచట నున్నారు. ఆఫ్రికా మూలముగల సిద్దీలు మూసీకావల ఏ.సీ. గార్డ్సున నిలిచిరి. ఈ యుభయుల సొత్తు మార్ఫా. 1948 సెప్టెంబరులో నైజాము పాలన ముగిసెను. పిమ్మట ఆ సైన్యములును పోయినవి. వాద్యము మాత్రము నిలిచి, హిందూ మహమ్మదీయ భేదము లేక పెండ్లిండ్ల కెక్కినది.

మేళమున మార్ఫా, దఫ్, ఢోలు, లోహపు బిందె, థాపీలను కర్రబద్దలు నుండును. రాగాలాపన లేదు గనుక దీనిని సంగీతముగా లెక్కింపని పండితులు కలరు. వారొక్కసారి దఫ్ చేతబట్టి చూడవలెను! తోలు నడుమ తగిలిన దెబ్బ గంభీరముగా పలుకును. అంచున తగిలినది పదునుగా పలుకును. కొట్టిన చేయి వెంటనే లేవకున్న నాదము చచ్చును. మంచు కురియు రాత్రి తోలు సడలును. మంటవద్ద కాచి బిగింపవలెను. ఎంత కాచవలెనో చెప్పుటకు కొలత లేదు, వ్రేలితో తట్టి వినుటయే. మన డప్పు కళాకారులకిది క్రొత్త కాదు. కుడిచేత చిర్ర, ఎడమచేత సిటికెనపుల్ల పట్టు వారును దరువులను దెబ్బలనియే యెంతురు.

కష్టమంతయు వేగమున లేదు. ఒకడు మూలపు నడకను తప్పక పట్టియుండగా, తక్కినవారు దాని సందులలో తమ దెబ్బలను నింపవలెను. ఆడువారి పాదములు చూచుచు లయను కొంచెము కొంచెముగా హెచ్చింపవలెను.

యంత్రము పాదములను చూడదు. అయినను డీజే పెట్టెలు మేళగాండ్ర పనిని చాలవరకు హరించినవి. 2024 అక్టోబరులో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో వానిని నిషేధించిరి. మంచిదే. కాని రొదను మాన్పించుట ఒక యెత్తు, చేతులను నిలుపుట మఱియొక యెత్తు. పెద్దల వెనుక నడిచి నేర్చుకొను పిల్లవానికి నడచుటకొక ఊరేగింపు వలయును గదా. వచ్చు లగ్గములకు డీజేకు బయానా ఇయ్యబోవు గృహస్థులు, ముందుగా బార్కస్ వైపు పోయి మేళమును మాటలాడి రావలెనని మా మనవి.