లాప్‌టాపు నిల్వభాగము చెడినపుడు



నేడు మన పల్లెలయందును అనేక గృహములలో లాప్‌టాపులు కానవచ్చుచున్నవి. పొలముల దస్తావేజుల నకళ్లు, పంటల లెక్కలు, బిడ్డల వివాహముల ఛాయాచిత్రములు వానియందే దాచుచున్నారు. ఏండ్ల తరబడి చక్కగా నడచిన యంత్రము ఒకనాడు తెఱవగా, నల్లని తెరపై నాలుగు తెల్లని పంక్తులు చూపి నిలిచిపోవును. దానిని పాఱవేయవలెనా? అందలి పత్రముల గతి యేమి? ఈ రెండు ప్రశ్నలను గూర్చియే నేడు ముచ్చటింతును.

ఈ యంత్రమున లెక్కించు భాగము వేఱు, దాచు భాగము వేఱు. పూర్వము దాచు పనిని గిరగిర తిరిగెడి పళ్లెములు గల హార్డు డిస్కు చేయుచుండెను. తరువాతి లాప్‌టాపులలో దాని స్థానమున ఎస్‌.ఎస్‌.డి. వచ్చినది. ఇందు కదలెడి భాగమేదియు లేదు. కోట్లకొలది సూక్ష్మమైన గదులలో విద్యుదావేశమును బంధించి, దానిచే సమాచారమును నిలుపును. ఇందుకు మూలమగు ఫ్లాష్ మెమరీని జపానునందలి తోషిబా సంస్థలో ఫుజియో మసుఓకా 1980 దశకమున కనిపెట్టెను.

చెఱిపి వ్రాసినకొలది ఈ గదులు అరుగును. గదులు బాగుగనే యున్నను, వానిని నడపెడి కంట్రోలరు చెడుటయు కలదు. హార్డు డిస్కు పలుమాఱు టకటక ధ్వనించి మనలను హెచ్చరించును, ఎస్‌.ఎస్‌.డి. మాత్రము చప్పుడు లేకయే చెడును. యంత్రము మాటిమాటికి స్తంభించినను, ఫైళ్లు తెఱచుకొనకున్నను, క్రొత్తది వ్రాయనీయకున్నను వెంటనే ముఖ్యమైనవానికి నకలు తీసికొనవలెను. పరీక్షలు ఆ పిమ్మట.

యంత్రము బొత్తిగా మొదలు కాకున్నచో, దోష మెచ్చటనో క్రమముగా కనుగొనవలెను. మీట నొక్కిన వెంటనే బయాస్ పట్టికను తెఱచి, అందు ఎస్‌.ఎస్‌.డి. పేరున్నదేమో చూడవలెను. లేకున్నచో, విద్యుత్తును తొలగించి, దానిని ఒకమాఱు ఊడదీసి మరల గట్టిగా అమర్చవలెను. అప్పటికిని కానరాకున్నచో, లినక్సు గల పెన్ డ్రైవుతో యంత్రమును నడపిచూడవలెను. అట్లు చక్కగా నడచినచో, దోషము ఎస్‌.ఎస్‌.డి.యందో, అది కూర్చుండు అరయందో యుండుట కవకాశము హెచ్చు. నడువకున్నచో జ్ఞాపకపు పలకను, మదర్‌బోర్డును అనుమానింపవలెను. తుదకు ఎస్‌.ఎస్‌.డి.ని యు.ఎస్‌.బి. పెట్టెలో నుంచి వేఱొక కంప్యూటరునకు తగిలింపుడు. అచ్చటను కానరాకున్నచో అదియే చెడినదని తలంపవచ్చును. కనబడినచో మొదట నకలు తీసికొనుడు. "ఫార్మాటు చేయుదునా?" యని కంప్యూటరు అడిగినచో ఒప్పుకొనరాదు. లోపలి సమాచారము బిట్‌లాకరు తాళములో నున్నచో, దాని రికవరీ కీ లేనిదే చదువ వీలుకాదు.

క్రొత్తది కొనునపుడు పాతదానిని వెంట తీసికొని పోవుట మేలు. కొన్ని రెండున్నర అంగుళముల చదునైన పెట్టెలు, కొన్ని ఎం.2 అను సన్నని పలకలు. వీనిలో 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు గలవి విస్తారము. ఒకే ఆకారమున సాటా, ఎన్‌.వి.ఎం.ఇ. అని రెండు జాతులున్నవి. యంత్రము ఒప్పని జాతిని కొన్నచో వ్యయము వృథా.

అమర్చుటకు ముందు ఛార్జరును తీసి, లోపల బ్యాటరీ తీగను విడదీసి, లోహమును తాకి చేతనున్న విద్యుత్తును పోగొట్టుకొనవలెను. స్క్రూ తీయగానే ఎం.2 పలక వాలుగా పైకి లేచును. క్రొత్తదానిని ఆ వాలుననే చొప్పించి, మెల్లగా నొక్కి, స్క్రూ బిగింపవలెను, బలవంతము కూడదు. పిమ్మట పెన్ డ్రైవునుండి ఆపరేటింగు సిస్టమును ఎక్కింపవలెను. విండోస్ 10 నకు సామాన్య సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రమునకు లినక్సు తగినది.

కావున యంత్రమును పాఱవేయ నక్కఱలేదు. చెడిన భాగమును మార్చినచో మరల నడచును. కాని క్రొత్త భాగము పాత పత్రములను తెచ్చి యీయజాలదు. కంట్రోలరు చెడినపుడు వానిని వెలికి దీయుట మిక్కిలి ఖర్చుతో గూడిన పని; ఫలము నిశ్చయము కాదు. అందుచేత యంత్రము బాగుగ నున్నప్పుడే ముఖ్యమైనవానికి రెండు నకళ్లు తీసి, ఒకదానిని వేఱొక యింట నుంచుడు. ఏడాది కొకమాఱు వానిని తెఱచి చూచుకొనుడు. ఇంటి దస్తావేజులను భోషాణమున దాచి, దాని తాళమును భద్రపఱచిన మన పెద్దల జాగ్రత్త ఇచ్చటను అవసరమే.