తోబుట్టువును అడగలేక కొలంబో దాకా

2015 రంజాన్ నెల. తరావీహ్ నమాజు ముగిసి జనం ఇళ్ళకు మళ్ళాక, తిరుమలగిరిలోని మా మసీదు వజూఖానా దగ్గర ఒకాయన మా కోసం కాచుకుని కూర్చున్నారు. ఆయన పేరు రాయడం లేదు. కుటుంబం ఇప్పటికీ లాల్ బజార్ వైపే ఉంటోంది. పందొమ్మిదేళ్ళు జిద్దాలో డ్రైవరుగా పనిచేసి తిరిగి వచ్చిన మనిషి. షుగరు వ్యాధి ముదిరి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ రాత్రి నమాజు మొత్తం కుర్చీలో కూర్చునే చదివారు. "మౌలీసాబ్, ఇంకొకరి గుర్దా మన ఒంట్లో పెట్టించుకోవడం జాయెజేనా?" అని అడిగారు.

మేము మదరసాలో చదువుకున్నవాళ్ళం. ఇలాంటి ప్రశ్న వినగానే మా బుద్ధి కితాబుల వైపు పరిగెత్తుతుంది. ఈ విషయంలో ఉలమాలు చాలాకాలం ఒక మాట మీదకు రాలేదు. శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్ అనీ, దాన్ని కోసి పంచే హక్కు మనిషికి లేదనీ కరాచీకి చెందిన ముఫ్తీ ముహమ్మద్ షఫీ వంటి పెద్దలు అభిప్రాయపడ్డారు. తర్వాత 1988 ఫిబ్రవరిలో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ, దాత ప్రాణానికి ముప్పు లేనప్పుడు, అతడు ఇష్టపూర్వకంగా ఇచ్చినప్పుడు అవయవ మార్పిడి చేయవచ్చునని తీర్మానించింది. అవయవాన్ని అమ్మడం మాత్రం ఏ పరిస్థితిలోనూ కూడదని అదే తీర్మానంలో ఉంది. 1989లో ఢిల్లీలో మన దేశపు ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ జరిపిన మొదటి సదస్సులో కూడా ఈ అంశం చర్చకు వచ్చింది.

ఇదంతా ఆయనకు వివరించాం. "ఇచ్చేవాడికి మనం ఏదైనా ముట్టజెబితే?" అన్నారు. జిద్దా తీర్మానంలో దాని గురించీ ఒక మాట ఉంది. వేరే దారి లేని రోగి అవయవం కోసం డబ్బు ఖర్చు పెట్టడం, దాతకు గౌరవసూచకంగా ఏదైనా ఇవ్వడం అనేవి పండితులు ఇంకా ఆలోచించవలసిన విషయాలని అందులో వదిలిపెట్టారు. ఆ మాటా చెప్పాం. ఆయన మా చెయ్యి కళ్ళకద్దుకుని వెళ్ళిపోయారు. ఇచ్చేది ఎవరు, ఏ ఊరివాడు, ఎంతకు ఇస్తున్నాడు అని మేము అడగలేదు. అడిగి ఉండవలసింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అల్వాల్ వైపు కొనుక్కున్న స్థలం అమ్మి, భార్య నగలు కుదువపెట్టి, ఆ అక్టోబరులో ఆయన కొలంబో వెళ్ళారు. వెంట పెద్దకొడుకు. చేతిలో టూరిస్టు వీసా. తీసుకువెళ్ళిన దళారీ అంతా తానే చూసుకుంటానన్నాడట. చూసుకున్నాడు కూడా, ఆపరేషన్ రోజు వరకు. కత్తి పట్టిన డాక్టరు రోగితో మాట్లాడింది రెండే సార్లు. గది అద్దె రోజురోజుకూ పెరుగుతోందని ఇరవై మూడో రోజున విమానం ఎక్కించారు. సంచిలో నెలకు సరిపడా మందులు, ఒకే ఒక్క కాగితం. ఆ కాగితం తర్వాత మేమూ చూశాం. ఆపరేషన్ తేదీ, మందుల పేర్లు, కింద సంతకం. దాత ఎవరు, అతని రక్తంలో ఏ జబ్బుల కోసం వెతికారు, రోగికి లోపల ఏమేమి చేశారు అన్నవాటి గురించి ఒక్క ముక్క లేదు.

వచ్చిన మొదటి వారాల్లో ఆ ఇంట్లో పండగే. డయాలసిస్ రోగికి నీళ్ళు కొలిచి ఇస్తారు. నిండు గ్లాసు నీళ్ళు గటగటా తాగడం ఎంత భాగ్యమో మేము ఆ ఇంట్లోనే చూశాం. జుమాకు వచ్చి ముందు వరసలో నిలబడ్డారు. నెల తిరిగేసరికి చలిజ్వరం పట్టుకుంది.

నగరంలో మొదట వెళ్ళినచోట డాక్టరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఎక్కడ చేశారో వాళ్ళనే అడగండి" అన్నారు. కొలంబో నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తినవాళ్ళు లేరు. రెండోచోట చేర్చుకోలేదు. మూడోచోట ఎక్స్‌రే తీస్తే సంగతి బయటపడింది. కిడ్నీ మార్చినప్పుడు మూత్రనాళం అతుకు మానేదాకా లోపల స్టెంట్ అనే సన్నని గొట్టం పెడతారు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల్లో దాన్ని తీసివేయాలి. లోపల అలాంటిది ఒకటి ఉందని ఆయనకుగానీ కొడుక్కుగానీ ఎవరూ చెప్పలేదు. కాగితంలోనూ రాయలేదు. ఇన్ఫెక్షన్ దాన్నే పట్టుకుని పెరిగింది.

ఇక్కడ ఒక విషయం పాఠకులకు విడమరచి చెప్పాలి. కిడ్నీ మార్పిడి అంటే ఒక పూట జరిగే ఆపరేషన్ అని మనలో చాలామంది అనుకుంటారు. అసలు వైద్యం ఆ మర్నాడు మొదలవుతుంది. కొత్త కిడ్నీని శరీరం పరాయిదిగా గుర్తించి దాడికి దిగుతుంది. ఆ దాడిని ఆపడానికి టాక్రోలిమస్, మైకోఫినోలేట్ వంటి మందులు ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్ళూ వాడాలి. మోతాదు తగ్గితే కిడ్నీ పోతుంది. టాక్రోలిమస్ ఎక్కువైతే అదీ కిడ్నీకే చేటు. కాబట్టి తరచూ రక్తపరీక్ష చేసి మోతాదు సరిచూస్తారు. ఈ మందులు శరీరానికున్న కాపలాను బలహీనపరుస్తాయి కనుక మొదటి నెలల్లో చిన్న జ్వరం కూడా ప్రమాదమే. ఆ రోజుల్లో, కోసిన డాక్టరు, కోయించుకున్న రోగి ఒకే ఊళ్ళో ఉండాలి. సముద్రం దాటి వెళ్ళిన మనిషి ఆపరేషన్‌కు డబ్బు కట్టాడు, ఆ తర్వాతి వైద్యాన్ని అక్కడే వదిలేసి వచ్చాడు.

గొట్టం తీశారు, జ్వరం తగ్గింది. ఆయన లేచి తిరుగుతున్న రోజుల్లోనే, 2016 జనవరిలో, నల్లగొండ పోలీసులు కిడ్నీ దళారులను అరెస్టు చేశారన్న వార్త పత్రికల్లో వచ్చింది. పేద యువకులను టూరిస్టులుగా కొలంబో పంపి, అక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో కిడ్నీలు తీయించారని ఆరోపణ. ముఖ్య నిందితుడు అంతకుముందు తన కిడ్నీ తానే అమ్ముకున్నవాడని పోలీసులు చెప్పారు. దాతలకు ముట్టింది సుమారు 5 లక్షలు, రోగుల దగ్గర వసూలు చేసింది దానికి ఎన్నో రెట్లు. ఆ నెలలోనే శ్రీలంక ప్రభుత్వం విదేశీయులకు కిడ్నీ మార్పిడి ఆపరేషన్లను నిలిపివేసింది.

పోలీసులెవరూ ఆ ఇంటికి రాలేదు. భయం మాత్రం వచ్చింది. డాక్టరు అడిగితే బావమరిది ఇచ్చాడని చెప్పడం మొదలుపెట్టారు. దాత వయసు, రక్తసంబంధం, పరీక్షలు అని డాక్టరు మరో ప్రశ్న వేస్తే తడబాటు. చివరికి వెళ్ళడమే తగ్గించారు. పాత చీటీ మీద మందులు కొనుక్కున్నారు. వైద్యుడి దగ్గర అబద్ధం చెబితే ఆ లెక్క శరీరం దగ్గరే తేలుతుంది. 2017లో ఆ కిడ్నీ కూడా ఆగిపోయింది, ఆయన మళ్ళీ డయాలసిస్ కుర్చీలోకి వెళ్ళారు. మరి రెండేళ్ళు బతికారు.

ఇది మన దగ్గరే పుట్టిన వింత కాదు. 1980లలో ఎమిరేట్స్, ఒమాన్ దేశాల నుంచి రోగులు మన బొంబాయికి వచ్చి కిడ్నీలు కొనుక్కుని వెళ్ళేవారు. అలా వెళ్ళిన 130 మంది గురించి ఆ దేశాల వైద్యులు 1990లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఇంటికి చేరాక ఇన్ఫెక్షన్లతో చనిపోయినవారు అందులో ఉన్నారు. కొన్న కిడ్నీతోపాటు హెచ్.ఐ.వి. తెచ్చుకున్నవారూ ఉన్నారు. వాళ్ళ చేతుల్లోనూ సరైన కాగితాలు లేవు. అప్పట్లో అరబ్బు రోగి విమానం దిగేవాడు, ముప్ఫై ఏళ్ళ తర్వాత జిద్దాలో సంపాదించిన డబ్బుతో మన రోగి విమానం ఎక్కాడు. రెండుసార్లూ కిడ్నీ ఇచ్చుకున్నది మన పేదవాడే. మన పార్లమెంటు 1994లో అవయవాల అమ్మకాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో సొంత చట్టం చేసుకుంది. వ్యాపారం ఆగలేదు, విమానం ఎక్కింది.

ఇరాన్‌లో డబ్బిచ్చి కిడ్నీ తీసుకోవడం చట్టసమ్మతమేనని, అది ముస్లిం దేశం కనుక దోషం లేదని ఈమధ్య కొందరు మాతో వాదించారు. అక్కడ ఆ ఏర్పాటు ఉన్నమాట నిజం. కానీ విదేశీ రోగికి ఇరానీ దాత కిడ్నీ ఇవ్వకూడదన్నది అక్కడి నియమం. అందుకే దాతను కూడా ఇక్కడినుంచే తరలిస్తారు. 2024 మే నెలలో కొచ్చి విమానాశ్రయంలో జరిగిన అరెస్టుతో బయటపడింది అటువంటి తరలింపే. 2025 జనవరిలో మన సరూర్‌నగర్‌లోనే ఒక ఆసుపత్రిలో దొంగచాటు కిడ్నీ మార్పిడులు దొరికాయి. అక్కడి దాతలూ రోగులూ పొరుగు రాష్ట్రాలవారు.

మా రోగి దాతను చూసింది ఒక్కసారే, కొలంబోలో లిఫ్టు దగ్గర. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రవాడట. తెలుగులో "బాగున్నారా పెద్దాయనా" అన్నాడట. ఊరు అడిగేలోపే దళారీ పక్కకు తీసుకుపోయాడు. ఆఖరి రోజుల్లో ఆయన మమ్మల్ని పదేపదే అడిగిన ప్రశ్న తన గురించి కాదు. "ఆ పిల్లగాడు ఎట్లున్నాడో మౌలీసాబ్?" ఒక కిడ్నీ ఇచ్చినవారు ఏటేటా రక్తపోటు, మూత్రం, క్రియాటినిన్ చూపించుకోవాలి. ఆ కుర్రవాడికి ఎవరు చెప్పి ఉంటారు? చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని కలిసి చేసిన ఒక పరిశోధన 2002లో ప్రచురితమైంది. నూటికి 96 మంది అప్పు తీర్చడానికే అమ్ముకున్నారు. అలా అమ్ముకున్నవారిలో నూటికి 74 మంది ఇంకా అప్పుల్లోనే ఉన్నారు. ఈ అంకెలు ఆయనకు మేము చెప్పలేదు.

ఆయనకు ముగ్గురు తమ్ముళ్ళు, ఒక చెల్లెలు, ఇద్దరు ఎదిగిన కొడుకులు. ఒక్కరినీ అడగలేదు. జనాజా అయిన మూడో రోజు ఆయన నడిపి తమ్ముడు మా దగ్గర కూర్చుని, "అన్న ఒక్క మాటంటే నేను ఇచ్చేవాణ్ణి, నన్నెందుకు అడగలేదు?" అని ఏడ్చారు. నిజంగా ఇచ్చేవారో లేదో అల్లాహ్‌కే ఎరుక. అడిగితే కాదంటారేమోనన్న భయం, అవునంటే జన్మంతా తల వంచుకుని ఉండాలన్న సిగ్గు. ముక్కూ మొహం తెలియనివాడికి డబ్బు పారేస్తే ఈ రెండూ ఉండవు. ఆ సిగ్గు విలువ ఒక స్థలం, నగలు, ఎవరో తల్లి కన్నబిడ్డ కిడ్నీ. అడగడానికి నోరు రానివారి తరఫున అడగగలిగింది మసీదులో కూర్చున్న మేమే. ఆ రాత్రి మేము కితాబు తెరిచాం, ఆయన ఇల్లు తెరిచి చూడలేదు.

పంజాగుట్ట నిమ్స్ మా తిరుమలగిరికి బస్సు దూరం. అక్కడా ఉస్మానియాలోనూ కిడ్నీ మార్పిడులు జరుగుతున్నాయి, ఆరోగ్యశ్రీ సాయం ఉంది. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు ఇవ్వడానికి చట్టం ఎప్పటినుంచో ఒప్పుకుంటుంది. కేంద్రం 2011లో చేసిన సవరణ తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలను కూడా ఆ జాబితాలో చేర్చింది. రక్తం కలవని రెండు కుటుంబాలు దాతలను మార్చుకునే వీలూ కల్పించింది. ఆ సవరణలతోసహా కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో తీర్మానించింది. ఇంట్లో ఎవరూ లేనివారు, మరణించినవారి అవయవాల కోసం 2013లో మొదలైన జీవన్‌దాన్‌లో పేరు రాయించుకోవచ్చు. అక్కడ నిరీక్షణ సుదీర్ఘమన్నది నిజమే, దాచడం లేదు.

ఈమధ్య బొల్లారం నుంచి ఒకామె వచ్చారు. భర్తకు డయాలసిస్ మొదలై ఏడు నెలలు. ఎవరో విదేశంలో చేయిస్తామన్నారట, జాయెజేనా అని అడిగారు. ఈసారి మేము కితాబు జోలికి పోలేదు. ఇంట్లో ఎవరెవరున్నారు అని అడిగాం. "నేను ఇస్తానంటే నాకు షుగర్ ఉంది, పనికిరాదన్నారు. ఆయనకు తమ్ముడున్నాడు, అడగడానికి నోరు రావడం లేదు" అన్నారు. ఆదివారం అసర్ తర్వాత మేమే ఆ తమ్ముడి ఇంటికి వెళ్ళాం. కార్ఖానాలో లారీల బాడీ కట్టే పని ఆయనది. టీ ఇచ్చి, చెప్పిందంతా విని, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎన్నాళ్ళు బరువు ఎత్తకూడదు మౌలీసాబ్?" అని అడిగారు. డాక్టరు దగ్గరకు ముగ్గురం కలిసి వెళ్ళి అడుగుదామన్నాం. గురువారానికి చీటీ రాయించాం.