క్లాసులో నిశ్శబ్దం ఎవరి కోసం?



ఈమధ్య ఒక ఆదివారం మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు ఇంటర్ బైపీసీ చదువుతున్న చెల్లెళ్ళు చుట్టూ చేరి నర్సింగ్ గురించి చాలా అడిగారు. ఇంజక్షన్ చేయాలంటే భయం వేయదా, రాత్రి డ్యూటీలు ఎలా ఉంటాయి, ఇంగ్లీషు రాకపోతే ఎలా అని. చివర్లో ఒక అమ్మాయి మెల్లగా, "అక్కా, క్లాసులో పక్కవాళ్ళు ఊరికే మాట్లాడుతుంటే మీరేం చేసేవాళ్ళు?" అంది. మిగతా ప్రశ్నలన్నిటికీ వెంటనే జవాబు చెప్పాం. దీనికి మాత్రం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎందుకంటే మొదటి సంవత్సరంలో ఆ మాట్లాడేవాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

గోలలో చదివినవాళ్ళకు గుసగుస ఎందుకు అడ్డం?

నిజానికి మనకు గోల కొత్త కాదు. స్టడీ అవర్‌లో ఒకే హాల్లో ఒకరు గట్టిగా చదువుతుంటే, ఇంకొకరు లెక్కలు చేస్తుంటే, వంటగదిలో గిన్నెల చప్పుడు వినిపిస్తుంటే పరీక్షలకు చదువుకున్నాం. ఇంటర్ రోజుల్లో కంకిపాడులో బస్సెక్కి ఈడుపుగల్లు, పెనమలూరు, పోరంకి, కానూరు దాటి విజయవాడ చేరేలోగా ఒక పాఠం తిరగేసినవాళ్ళం. అలాంటి మనకు రెండు బెంచీల అవతల గుసగుసలు ఎందుకు అడ్డం వస్తాయి?

కారణం ఉంది. బస్సు ఇంజను, ఫ్యాను చప్పుడు ఒకే తీరుగా సాగుతాయి. కాసేపటికి మనసు వాటికి అలవాటు పడుతుంది. మాట అలా కాదు. క్షణక్షణానికీ మారుతుంది కాబట్టి చెవి అటు పోతుంది. పైగా పుస్తకంలో వాక్యం అర్థం కాకపోతే మళ్ళీ చదువుకోవచ్చు. లెక్చరర్ చెప్పిన వాక్యం దాటిపోతే తిరిగి రాదు. తెలుగు మీడియం నుంచి వెళ్ళిన మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. ముందు ఇంగ్లీషులో చెప్తున్న పాఠం, వెనక తెలుగులో కబుర్లు. ఈ రెండింటిలో కష్టం లేకుండా అర్థమయ్యేవి కబుర్లే. కాబట్టి మనం వద్దనుకున్నా మనసు అటే మొగ్గుతుంది.

నర్సింగ్ విద్యకు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' పుస్తకంలో చప్పుళ్ళ గురించే ఒక అధ్యాయం ఉంది. రోగిని బాధించేది ఎప్పుడూ పెద్ద శబ్దమే కాదని, రోగి మనసులో ఏదో ఎదురుచూపు రేపే శబ్దం ఎక్కువ హాని చేస్తుందని, గదిలో గుసగుసలాడటం మంచిది కాదని ఆమె హెచ్చరించారు. రోగి పక్కన ఎలా మెలగాలో చెప్పిన ఆ మాట మన క్లాసు గదికి కూడా సరిపోతుంది.

నోరు కదపకపోయినా పక్కవాళ్ళకు అడ్డం కావచ్చు. 2013లో కెనడా పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. పాఠం వింటూ ల్యాప్‌టాప్‌లో వేరే పనులు చేసినవాళ్ళకు తరవాత పెట్టిన పరీక్షలో మిగతావాళ్ళ కన్నా 11 శాతం తక్కువ మార్కులు వచ్చాయి. మరో ప్రయోగంలో, తాము ఏ వేరే పనీ చేయకుండా, పక్కవాళ్ళ తెర కనిపించేచోట కూర్చున్నవాళ్ళకు 17 శాతం తగ్గాయి. సెల్‌ఫోన్ బెంచీ కింద పెట్టుకుని వీడియో చూసే అమ్మాయి "నా ఫోను నేను చూసుకుంటున్నా, నీకేం?" అంటే ఏం చెప్పాలో ఈ లెక్కలో ఉంది.

ఒక్క వాక్యం పోతే

ఇక మా సంగతి. రెండో సంవత్సరంలో ఒక మధ్యాహ్నం ఇన్సులిన్ మీద పాఠం జరుగుతోంది. వెనక బెంచీలో ఎవరిదో పెళ్ళి వీడియో నడుస్తోంది. మేము వీడియో చూడటం లేదు. కానీ మేడం అన్న ఒక ఇంగ్లీషు మాట అర్థం కాక, "అంటే ఏంటే?" అని ఒకరినొకరం అడుగుతున్నాం. చదువు గురించేగా మాట్లాడుకుంటున్నాం అని మా ధీమా. నోట్సులో మాత్రం "ఎర్ర మూత, ఇన్సులిన్ సిరంజి" అని ఒక్క ముక్కే మిగిలింది.

కొన్ని నెలల తరవాత వార్డు పోస్టింగులో ట్రేలో రెండు రకాల సిరంజిలు కనిపించాయి. ఒకదానికి ఎర్ర మూత, రెండోదానికి నారింజ రంగు మూత. "ఈ వయల్‌లో మందు ఏ సిరంజితో తీస్తారు?" అని స్టాఫ్ నర్సు అడిగారు. మేము మాట్లాడలేదు. ఆమె వయల్ మా చేతికిచ్చి లేబుల్ చదివించారు.

అప్పుడు అర్థమైన లెక్క ఇది. మన దేశంలో ఇన్సులిన్ వయల్స్ ఎక్కువగా రెండు బలాల్లో దొరుకుతాయి. ఒక రకంలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. రెండో రకంలో ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్లు. దానికి నారింజ మూత సిరంజి. 40 రకం సిరంజిలో 20 గీత దాకా తీస్తే అర మిల్లీలీటరు వస్తుంది. ఆ వయల్ 40 రకమైతే అది 20 యూనిట్లే. 100 రకమైతే ఆ అర మిల్లీలీటరులోనే 50 యూనిట్లు ఉంటాయి. అంటే రాసినదానికి రెండున్నర రెట్లు. రోగికి చెమటలు పట్టి, షుగర్ పడిపోయి, స్పృహ తప్పి ప్రాణం మీదకు రావచ్చు. అటుదిటు అయితే 20 యూనిట్లు పడాల్సినచోట 8 యూనిట్లే పడతాయి.

ఆ రోజు ఏ పొరపాటూ జరగలేదు. జరగకుండా ఆపింది మేము కాదు, ఆ సిస్టర్. సాయంత్రం నోట్సులు తీసి చూసుకుంటే ముగ్గురివీ ఒకేచోట ఖాళీగా ఉన్నాయి. వెనక బెంచీవాళ్ళను తిట్టుకోబోయి ఆగిపోయాం. మా ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి నోట్సులోనూ అదే ఖాళీ ఉంది. ఆమె వినలేకపోయింది మా గుసగుసల వల్ల.

మేము మార్చుకున్నవి

మొదట చోటు మార్చాం. హాస్టల్ పిల్లలమంతా ఒకే బెంచీలో కూర్చుంటే ధైర్యంగా ఉంటుంది. అది నిజమే. కానీ ఆ ధైర్యం కోసమే మనం వెనక్కి వెళ్ళి కూర్చుంటాం, ఇంగ్లీషులో ప్రశ్న అడుగుతారేమోనని దాక్కుంటాం. మేము విడిపోయి మొదటి రెండు వరుసల్లో, గుమ్మానికి దూరంగా కూర్చున్నాం. పది నిమిషాలు ముందు వెళ్తేనే ఆ చోటు దొరికేది.

రెండోది, తెలియని మాటను పక్కవాళ్ళను అడగడం మానేశాం. వినిపించినట్టుగా తెలుగు అక్షరాల్లోనే నోట్సు అంచున రాసి చుట్టూ గీత గీసేవాళ్ళం. పాఠం చివర చెయ్యెత్తి అడిగేవాళ్ళం. మొదటిసారి అడిగినప్పుడు కాళ్ళు వణికాయి. మేడం మళ్ళీ చెప్పాక క్లాసులో సగం మంది అప్పుడే రాసుకోవడం చూశాం. తెలియంది మనకొక్కరికే కాదు. మిగిలినవి సాయంత్రం ముగ్గురం కూర్చుని నోట్సులు కలిపి పూర్తి చేసుకునేవాళ్ళం.

మూడోది, సెల్‌ఫోన్. శబ్దం ఆపి సంచీలో పెట్టడం ఒక్కటే చాలదు. మన ఇళ్ళల్లో కాలేజీ ముఖం చూసినవాళ్ళు లేరు. కూలికి వెళ్ళిన అమ్మ గట్టు మీద కూర్చుని తీరిక దొరికినప్పుడు ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే కంగారు పడుతుంది. తప్పు ఆమెది కాదు, మన టైంటేబుల్ ఆమెకు తెలియదు. ఏ వేళకు క్లాసు, ఏ వేళకు భోజనం అన్నది ఇంట్లో చెప్పండి. ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే ముందే మేడంతో చెప్పి, ఫోన్ వస్తే బయటికి వెళ్ళడానికి అనుమతి తీసుకోండి.

ప్రాక్టికల్ గదిలో ఇంకో ఇబ్బంది ఉంది. మానికిన్ బొమ్మ మీద చేసి చూపిస్తున్నప్పుడు ముందు నిలబడ్డ అయిదారుగురికే కనిపిస్తుంది. వెనకున్నవాళ్ళకు కనిపించక కబుర్లు మొదలవుతాయి. పొడుగువాళ్ళు వెనక, పొట్టివాళ్ళు ముందు నిలబడి, రెండోసారి చూపించేటప్పుడు వెనకవాళ్ళను ముందుకు రానిస్తే సగం అల్లరి తగ్గుతుంది. ఇది మా బ్యాచ్‌లో మేమే అడిగి మొదలుపెట్టించాం.

పక్కవాళ్ళకు చెప్పడం ఎలా?

క్లాసు మధ్యలో వెనక్కి తిరిగి "నోరు ముయ్యండి" అంటే మన గొంతు కూడా గోలలో కలుస్తుంది. నలుగురిలో అవమానం జరిగిందని వాళ్ళు పట్టుదలకు పోతారు. అప్పటికి ఒకసారి చూసి, చేత్తో ఆగమని సైగ చేస్తే చాలు. తరవాత ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడాలి. మేము ఇలా చెప్పాం: "నీతో మాట్లాడటం నాకిష్టమే. కానీ ఈ క్లాసు వినకపోతే ఇంటికెళ్ళి నాకు చెప్పేవాళ్ళు లేరు. లంచ్‌లో మాట్లాడుకుందాం, సరేనా?" ఇందులో నింద లేదు. మన అవసరం మాత్రమే ఉంది. చాలామంది వింటారు. మా పెళ్ళి వీడియో స్నేహితురాలు కూడా విన్నది. తనకూ ఇంగ్లీషు పాఠం అందకే ఫోన్ చూస్తున్నానని అప్పుడు చెప్పింది. సాయంత్రం మా నోట్సుల దగ్గర ఆమె నాలుగోది అయింది.

రెండుసార్లు చెప్పినా మారకపోతే చోటు మార్చుకోండి. అదీ కుదరకపోతే క్లాసు లీడర్‌కు, ఆ తరవాత క్లాస్ కోఆర్డినేటర్ మేడంకు చెప్పండి. పేర్లు పెట్టి ఫిర్యాదు చేయడానికి మనసొప్పకపోతే, "మేడం, వెనక మాకు వినపడటం లేదు" అన్నా చాలు.

అల్లరి వేరు, అవమానం వేరు

ఒక్క విషయం మాత్రం సర్దుకుపోవద్దు. మన ఇంగ్లీషును వెక్కిరించడం, స్కాలర్‌షిప్ పిల్లలని, హాస్టల్ పిల్లలని, కులం పేరుతో మాటలు విసరడం క్లాసు అల్లరి కాదు. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. 2009లో యు.జి.సి. తెచ్చిన ర్యాగింగ్ వ్యతిరేక నిబంధనలు ఉన్నాయి. కులం పేరుతో ఎస్సీ, ఎస్టీలను అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఏ రోజు, ఏ గదిలో, ఎవరెవరు ఉండగా జరిగిందో అదే రోజు రాసి పెట్టుకోండి. కాలేజీలో ర్యాగింగ్ వ్యతిరేక కమిటీకి చెప్పండి. 1800-180-5522 జాతీయ హెల్ప్‌లైన్ నంబరును నోట్సు మొదటి పేజీలో రాసుకోండి. క్లాసు మానేసి గదిలో ఏడవడం మాత్రం వద్దు. బి.ఎస్సీ. నర్సింగ్‌లో పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు కావాలి, డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్స్‌లో 100 శాతం పూర్తి చేయాలి. మనం మానేసిన ప్రతి రోజూ మన ఖాతాలోనే పోతుంది.

క్లాసు నుంచి వార్డుకు

టైముకు వెళ్ళడం, మేడం వచ్చినప్పుడు లేచి నమస్కరించడం, ఒకరు తప్పు జవాబు చెప్పినప్పుడు నవ్వకపోవడం, చెయ్యెత్తి మాట్లాడటం. ఇవన్నీ లెక్చరర్ల గౌరవం కోసం పెట్టిన నియమాలని మేము అనుకునేవాళ్ళం. వార్డులోకి వెళ్ళాక వేరుగా కనిపించాయి. తప్పు జవాబుకు నవ్వే క్లాసులో పిల్లలు తెలియని సంగతి అడగడం మానేస్తారు. అదే అలవాటుతో రేపు వార్డులో మోతాదు గురించి అనుమానం వచ్చినా అడగరు.

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులు మందులు ఇచ్చే తీరును పరిశోధకులు గమనించి 2010లో ఫలితాలు ప్రచురించారు. మందు ఇస్తుండగా మధ్యలో ఎవరైనా కదిలించిన ప్రతిసారీ పొరపాట్లు 12 శాతానికి పైగా పెరిగాయని తేలింది. మందుల ట్రే దగ్గరున్న నర్సును పలకరించకూడదని మనకు తెలియాలంటే, పాఠం రాసుకుంటున్న స్నేహితురాలిని పలకరించకూడదని ముందు తెలియాలి. "కొంచెం ఆగండి, మందు తీస్తున్నాను" అని వార్డులో పెద్ద డాక్టరుతోనైనా మర్యాదగా అనగలగాలంటే, "కొంచెం ఆగు, రాసుకుంటున్నాను" అని పక్కనున్న అమ్మాయితో అనడం ఇప్పుడే రావాలి.

చెల్లెళ్ళూ, మీలో చాలామంది రేపు విజయవాడలోనో గుంటూరులోనో మచిలీపట్నంలోనో తెల్ల యూనిఫాం వేసుకుంటారు. ఆ క్లాసులో మొదటిరోజు ముందు వరుసలో కూర్చోండి. మీరు వినే ఒక్కో వాక్యం చివర మీకు ఇంకా పేరు తెలియని ఒక రోగి ఉంటాడు. ఆయన ఏ కంకిపాడు నుంచో వచ్చిన మన ఊరి మనిషే కావచ్చు. ఆయన కోసం వినండి, పక్కవాళ్ళను విననివ్వండి.

వచ్చే వార్షికోత్సవానికి మీ అనుభవాలు మీరు రాయాలని కోరుకుంటూ,

మీ అక్కలు.