నాటు తుపాకికి స్కోప్: కౌడిపల్లి కబుర్లలో నిజమెంత?

నర్సాపూర్ దాటి మెదక్ దారి పట్టినవాళ్లకు కౌడిపల్లి చుట్టుపక్కల అడవి, చెరువు, చేను ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తూనే ఉంటాయి. వేట కథలకు ఇక్కడ కరువు లేదు. తాతలు చెప్పిన నిజాం కాలం షికారు ముచ్చట్లకు ఇప్పుడు ఫోన్లలో అమెరికా వేట వీడియోలు తోడయ్యాయి. గొట్టం మూతిలో మందు పోసి, గుండు దింపి, ఊచతో కూరి పేల్చే తుపాకి మీద నిగనిగలాడే స్కోప్ బిగించి ఉంటుంది. దూరాన జింక. ఒక్క దెబ్బ, తెల్లని పొగ. చూసినవాళ్లకు రెండు సందేహాలు వస్తాయి. మన నాటు తుపాకికి కూడా అలాంటిది బిగించొచ్చా? బిగిస్తే ఎంత దూరం కొడుతుంది? ఈ ప్రశ్నల చుట్టూ అల్లుకున్న అపోహలు చట్టానికి సంబంధించినవి కొన్ని, అద్దాలకు సంబంధించినవి కొన్ని. జైలు దాకా తీసుకుపోయేవి మొదటివి కాబట్టి వాటితోనే మొదలుపెడదాం.

"తాత కాలం తుపాకికి లైసెన్సు ఎందుకు? అమెరికాలోనే అడగరు!"

ఈ మాటలో సగం నిజం ఉంది. ఆ సగమే కొంప ముంచుతుంది. అమెరికాలో 1968 నాటి కేంద్ర తుపాకి చట్టం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకులనూ, నల్ల తుపాకిమందుతో గానీ దాని ప్రత్యామ్నాయంతో గానీ పేలుతూ తూటా పట్టని మూతిమందు తుపాకులనూ పాతకాలపు వస్తువుల కింద లెక్కగట్టి, మామూలు ఆయుధాల జాబితా నుంచి పక్కన పెట్టింది. అందుకే అక్కడ చాలాచోట్ల ఇవి పోస్టులో నేరుగా ఇంటికే వస్తాయి. అక్కడా కొన్ని రాష్ట్రాలు ఇంతకంటే గట్టి నిబంధనలు పెట్టుకున్నాయి.

మన 1959 ఆయుధాల చట్టం లెక్క వేరు. పాతదా కొత్తదా అన్నది దానికి ముఖ్యం కాదు, పేలుతుందా లేదా అన్నదే ముఖ్యం. 45వ సెక్షన్ పాత నమూనా, పురావస్తు విలువ ఉన్న ఆయుధాలకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ బాగు చేసినా చేయకున్నా పేలడానికి పనికిరానివైతేనే ఆ మినహాయింపు. అటక మీద తుప్పు పట్టిన భర్మారు అనే మూతిమందు తుపాకిని కమ్మరి చేత బాగు చేయించి పేల్చగలిగితే అది ఆయుధమే, దానికి లైసెన్సు కావాల్సిందే. లేకుండా దొరికితే 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా, పైగా జరిమానా. దొంగచాటుగా తయారుచేసినవాళ్లకు ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా పడొచ్చు.

లైసెన్సు ఉన్న తాత చనిపోయాక ఆ తుపాకి ఇంట్లోనే ఉండిపోయిన కుటుంబాలున్నాయి. తాత పేరు మీది కాగితం మనవడికి పనికిరాదు. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి దగ్గర గానీ అప్పజెప్పాలి. కావాలనుకుంటే వారసుడు తన పేరు మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అభయారణ్యానికి దగ్గర్లో ఉండేవాళ్ల మీద మరో కట్టడి ఉంది. మెదక్, కామారెడ్డి జిల్లాల హద్దులో ఉన్న పోచారం ఒకప్పుడు నిజాం వేట మైదానం, 1952 నుంచి అభయారణ్యం. వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లు లైసెన్సు తుపాకి ఉంటే తమ పేరును అటవీశాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టడమే నేరం, పేల్చినా పేల్చకున్నా.

"లైసెన్సు తుపాకి ఉంటే జింకను కొట్టొచ్చు. ఎయిర్‌గన్ అయితే అదీ అక్కర్లేదు."

తుపాకి లైసెన్సుకూ వేట అనుమతికీ సంబంధమే లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దాన్ని చేయమని పార్లమెంటును కోరుతూ తీర్మానం చేసిన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. తాతలు షికారుకు పోయారంటే ఆ చట్టానికి ముందు పోయి ఉంటారు. చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, కృష్ణజింక అన్నీ ఇప్పుడు రక్షణలో ఉన్నవే. చుక్కల దుప్పి అయితే తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా. చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. మామూలు నేరానికి మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంటాయి. ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువైనా, వేట అభయారణ్యంలో జరిగినా మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా. వాడిన తుపాకి, బండి ప్రభుత్వపరమవుతాయి. తుపాకితో పాటు దాని మీద బిగించిన స్కోపూ పోతుంది మరి.

ఎయిర్‌గన్ సంగతికొస్తే, 2016 ఆయుధ నిబంధనల ప్రకారం .177 బోరు, 20 జౌళ్ల శక్తి దాటని వాటికి లైసెన్సు అక్కర్లేదు. ఆ సడలింపు కొనుక్కోవడానికే. దాంతో కుందేలును కొట్టినా వన్యప్రాణి నేరమే.

పంట మీద పడే జంతువు గురించి అడిగే రైతుకు జవాబు ఇంత తేలిక కాదు. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ నిలువు పంటను కూడా ఆస్తిగానే చూస్తుంది. కానీ ఆ జంతువును కొట్టమని రాతపూర్వకంగా చెప్పాల్సింది అధికారి, అదీ కారణాలు రాసి. పంట పాడుచేసే అడవిపందులను కొట్టడానికి ఇచ్చిన ఉత్తర్వులు చూపి దుప్పి మీద తుపాకి ఎత్తితే చెల్లదు. చేను చుట్టూ కరెంటు తీగ కట్టడం అన్నింటికంటే ఘోరం. దానికి పంది, దుప్పి, పక్క చేను రైతు అన్న తేడా తెలియదు.

కాబట్టి కౌడిపల్లిలో జింక వేటకు ఏ స్కోప్ మంచిదన్న ప్రశ్నకు జవాబే లేదు. ఆ ప్రశ్నకు చోటున్నది పెన్సిల్వేనియాలోనో టెక్సాస్‌లోనో స్థిరపడి, అక్కడి పద్ధతి ప్రకారం శిక్షణ తీసుకుని లైసెన్సుతో వేటకు వెళ్లే మన పిల్లలకు. ఇక్కడ వీడియో చూసేవాళ్లకూ, అక్కడ కొనబోయేవాళ్లకూ ఉన్న అపోహలు మాత్రం ఒకటే.

"స్కోప్ పెడితే తుపాకి దూరం కొడుతుంది"

కొట్టదు. కంటికి దూరం దగ్గరవుతుంది, గుండుకు కాదు. మన నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది, గుండును తిప్పే మెలిక గాళ్లు ఉండవు. తిరగని గుండు యాభై గజాలు దాటాక ఎటు పోతుందో కాల్చినవాడికే తెలియదు. దాని మీద ఎంత ఖరీదైన స్కోప్ బిగించినా, గురి తప్పడాన్ని మరింత స్పష్టంగా చూపిస్తుంది, అంతే. ఇక ఊళ్లో వెల్డింగ్ చేసిన పైపు గొట్టం మందు ఒత్తిడికి చీలితే, స్కోప్‌కు కన్ను ఆనించిన మనిషి ముఖం సరిగ్గా దాని వెనకే ఉంటుంది.

అమెరికాలో చూసేది వేరే జాతి. 1985లో తుపాకుల తయారీదారు టోనీ నైట్ తెచ్చిన ఎంకే-85 నమూనా తర్వాత నిప్పు పక్కనుంచి కాకుండా మందు వెనక నుంచి నేరుగా తగిలే తుపాకులు అక్కడ మామూలైపోయాయి. గొట్టంలో మెలికలుంటాయి, యాభై కాలిబర్ ఎక్కువ వాడుక. వాటికి స్కోప్ నిజంగా పనికొస్తుంది. వాటికీ హద్దు ఉంది. 250 గ్రెయిన్ల గుండును సెకనుకు 1,900 అడుగుల వేగంతో వదిలి, వంద గజాలకు గురి సరిచేస్తే, రెండు వందల గజాల దగ్గర అది సుమారు అడుగు కిందకు దిగిపోతుంది. గాలి పక్కకు తోసేది అదనం. స్కోప్‌లో రెండు వందల గజాల జింక ముంగిట్లో నిలబడినట్టే కనిపిస్తుంది. అదే ప్రమాదం. మంచి వేటగాళ్లు వంద, నూటయాభై గజాల దగ్గరే ఆగుతారు, ఆపైన గాయపడిన జంతువు పొదల్లోకి పోయి చస్తుందని వాళ్లకు తెలుసు కాబట్టి.

గుండు ఎంత కిందకు దిగుతుందో లెక్కగట్టి నిలువుగీత మీద చుక్కలు వేసిన స్కోపులు దొరుకుతాయి. ఆ చుక్కలు ఫలానా మందు, ఫలానా గుండు, ఫలానా వేగానికి వేసినవి. మందు పది గ్రెయిన్లు మారితే చుక్కకు అర్థం మారిపోతుంది. మన తుపాకితో మనం కాల్చి చూడనిదే ఆ చుక్కలు అలంకారమే.

"ఎన్ని రెట్లు ఎక్కువైతే అంత మంచిది"

అమ్మేవాళ్లు డబ్బా మీద పెద్దగా రాసేది ఈ అంకెనే కాబట్టి ఈ నమ్మకం పోదు. మూడు రెట్ల దగ్గర వంద గజాల దూరంలో ముప్పై అడుగులకు పైగా వెడల్పు కనిపిస్తుంది. తొమ్మిది రెట్లకు పెంచితే అది పది పన్నెండు అడుగులకు కుంచించుకుపోతుంది. పొదల్లోంచి నలభై గజాల్లో జింక బయటికొస్తే, స్కోప్ నిండా గోధుమ రంగు తోలు తప్ప తల ఎక్కడో, భుజం ఎక్కడో తేల్చుకోవడం కష్టం. చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరిగి కనిపిస్తుంది. ఈ తుపాకి చేరగల దూరానికి 1-4, 2-7 రెట్ల స్కోపులు చాలు. 3-9 కొన్నా మూడు దగ్గరే పెట్టుకుని తిరగడం అలవాటు చేసుకోవాలి.

"ముందు అద్దం పెద్దదైతే చీకట్లో పగలులా కనిపిస్తుంది"

స్కోప్ వెలుగును పుట్టించదు. వచ్చిన వెలుగులో కొంత పోగా మిగిలింది కంటికి అందిస్తుంది. ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క సైజు వస్తుంది. 40 మిల్లీమీటర్ల అద్దం నాలుగు రెట్ల దగ్గర 10 మిల్లీమీటర్ల చుక్క ఇస్తుంది. చీకట్లో యువకుడి కంటిపాప మహా అయితే 7 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది, వయసు పైబడితే ఇంకా తక్కువ. మిగతా వెలుగు కంటిపాప చుట్టూ పడి వృథా. అదే నాలుగు రెట్ల దగ్గర 50 మిల్లీమీటర్ల అద్దం ఇంకాస్త ఎక్కువ వృథా చేస్తుంది. తొమ్మిది రెట్ల దగ్గర మాత్రం 4.4 కాస్తా 5.6 అవుతుంది, అక్కడ తేడా తెలుస్తుంది. కానీ పెద్ద అద్దాన్ని గొట్టానికి తగలకుండా ఎత్తుగా బిగించాలి. అప్పుడు దవడ కర్ర మీద ఆనదు, గురి కుదరదు. సంజవేళ అసలు తేడా చూపేది అద్దాల నాణ్యత, వాటి మీది పూత. అదీగాక అమెరికాలో చాలా రాష్ట్రాలు పొద్దుపొడుపుకు అరగంట ముందు నుంచి పొద్దుగుంకిన అరగంట దాకానే కాల్చనిస్తాయి. నెత్తిన బ్యాటరీ లైటు కట్టుకుని దుప్పి కళ్లు మెరిపించడం అక్కడా నేరమే.

"ఏ స్కోప్ అయినా ఒకటే, బిగుసుకుంటే చాలు"

మన ఆన్‌లైన్ దుకాణాల్లో తక్కువ ధరకు దొరికే సన్నటి స్కోపుల్లో చాలావరకు ఎయిర్‌గన్ల కోసం చేసినవి. నూరు, నూటయాభై గ్రెయిన్ల మందు పేలి వెనక్కి తన్నే తుపాకికి వాటి లోపలి గీతలు నిలవవు. అంతకంటే ముఖ్యం కంటికీ వెనక అద్దానికీ మధ్య ఉండాల్సిన ఎడం. కనీసం మూడున్నర, నాలుగు అంగుళాలు లేకపోతే తన్నినప్పుడు స్కోప్ అంచు కనుబొమ్మ మీద చంద్రవంకలా చీలిక పెడుతుంది. అమెరికా వేటగాళ్లలో ఆ మచ్చ చూపించుకునేవాళ్లు తక్కువేం కాదు.

నల్ల తుపాకిమందు మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తింటుంది. గొట్టం కడుగుతారు, స్కోప్ బిగించిన రింగులనూ మరలనూ మర్చిపోతారు. రెండు వానాకాలాలకే అవి ఊడిరావు. కడిగిన గొట్టంలోంచి పోయే మొదటి గుండుకూ, మసి పట్టిన గొట్టంలోంచి పోయే రెండో గుండుకూ తాకే చోటు మారొచ్చు. అందుకే ఒకసారి సరిచేస్తే జీవితకాలం అనేది ఈ తుపాకి విషయంలో అసలే చెల్లదు. నైట్రోజన్ నింపిన స్కోప్‌కు మంచు పట్టదన్న మాట కూడా సగమే నిజం. లోపల పట్టదు. వెచ్చని నోటి గాలి తగిలితే బయటి అద్దం మసకబారుతూనే ఉంటుంది.

"అమెరికా కదా, ఏదైనా పెట్టుకోవచ్చు"

పెన్సిల్వేనియాలో చెకుముకి రాతి తుపాకులకు విడిగా ఒక వేట కాలం ఉంది. అందులో టెలిస్కోప్ స్కోప్ పెట్టనివ్వరు. కొలరాడో కూడా మూతిమందు తుపాకుల కాలంలో స్కోపులు ఒప్పుకోదు. కాలాన్ని కష్టపడేవాళ్లకే అట్టిపెట్టాలన్నది వాళ్ల వాదన, నాకు న్యాయంగానే అనిపిస్తుంది. ఒహాయో, మిషిగన్ లాంటి చోట్ల పెట్టుకోవచ్చు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట శిక్షణ తీసుకోవాలి. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లు మామూలు తుపాకి పట్టుకోవడాన్నే అక్కడి కేంద్ర చట్టం నిషేధిస్తుంది. చెల్లే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. స్కోప్ ధర చూసేముందు రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఆ ఏటి నిబంధనల పుస్తకం చూడటం చవక.

"స్కోప్ ఉండగా బైనాక్యులర్ ఎందుకు?"

స్కోప్‌తో వెతకడమంటే మందు కూరిన తుపాకిని తెలియని ప్రతి కదలిక మీదికీ తిప్పడమే. పొదలో ఉన్నది తోటి వేటగాడైతే? అక్కడి శిక్షణ తరగతుల్లో గట్టిగా చెప్పే మాటల్లో ఇదొకటి: బైనాక్యులర్‌తో తేల్చుకున్నాకే తుపాకి ఎత్తాలి.

మెదక్ వాళ్లకైతే బైనాక్యులర్ ఒక్కటే సరిపోతుంది. పోచారంలో జింకల పెంపక కేంద్రం ఉంది, చెరువు ఉంది, చలికాలం వలస పక్షులు వస్తాయి. 8×42 రకం (ఎనిమిది రెట్లు, 42 మిల్లీమీటర్ల అద్దం) తీసుకుంటే పై లెక్కన కంటికి చేరే చుక్క 5.25 మిల్లీమీటర్లు, సంజవేళకు సరిగ్గా సరిపోతుంది. దానికి ఏ స్టేషన్లోనూ లైసెన్సు అడగరు.