రాజవీథికి జీర్ణోద్ధారణము

జీర్ణోద్ధారణమను మాట మనకు క్రొత్తది కాదు. గండిపడిన చెరువును పూడ్పించుటయు, కూలిన గుడిని నిలువబెట్టుటయు క్రొత్తవానిని కట్టించుటకంటె తక్కువ పుణ్యము కాదని మన పెద్దలు నమ్మిరి. ఆ నమ్మకమును ఱాతిశాసనములలో చెక్కించిరి. చెరువునకు ఆయకట్టు రైతు గలడు. గుడికి ధర్మకర్త గలడు. వీథి కెవరు గలరు? నడచువాడు అది తనది కాదనుకొనును. దుకాణదారుడు తన గడపవఱకే తనదనుకొనును. మ్యునిసిపాలిటీ పన్ను వసూలగువఱకే తనదనుకొనును. హైదరాబాదు నగరమున నయాపుల్ నుండి చార్మినారు దాక సాగు పత్తర్‌గట్టి రాజవీథి వృత్తాంతమును పరిశీలించినచో ఈ ప్రశ్న యెంత బరువైనదో తెలియగలదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పాఠకులు, మూసీయొడ్డునున్న వీథితో మనకేమి పని యని యడుగవచ్చును. పని గలదు. పెద్దనగరమున నేడు జరిగిన పొరపాటు ఱేపు చిన్నపట్టణమున జరుగును. అక్కడ నేర్చిన పాఠమును ఇక్కడ ముందుగనే చదువుకొనుట వివేకము.

1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబ్ షా హైదరాబాదు నగరమునకు పునాది వేసినప్పుడు చార్మినారును నడుమ నిలిపి, నాలుగు దిక్కులకును వీథులు తీయించెను. దానికి ఉత్తరముగ నాలుగు కమానులు, వాని నడుమ గుల్జార్ హౌజ్ అను నీటితొట్టి, ఇరువైపుల అంగళ్లు ఏర్పడినవి. ముత్యములు, అత్తరులు, వస్త్రములు, లక్కగాజులు ఈ చుట్టుపట్లనే తరతరములుగ అమ్ముడుపోవుచున్నవి. లాడ్‌బజారు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. 

నేడు మనము చూచు పత్తర్‌గట్టి రూపమునకు మూలము మాత్రము ఒక మహావిపత్తు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది ప్రాణములను హరించినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పిలువబడి, వరదను అరికట్టుటకు జలాశయముల నిర్మాణమును సూచించిరి. ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడి, ఇరుకు బస్తీలను విడదీసి, వీథులను వెడల్పుచేసి, పత్తర్‌గట్టి కిరువైపుల ఱాతిముఖముల కమానుల వరుసలను కట్టించినది. క్రింద వసారాతోకూడిన అంగడి, పైన గదులు, ఎండ తగులకుండ నడచుటకు నీడ: వర్తకునికిని బాటసారికిని ఒకేసారి ఉపకరించిన ఏర్పాటది. పత్తర్ అనగా ఱాయి. వీథిపేరు ఆ ఱాతినుండియే వచ్చినది.

ఇక్కడ మనవారిలో కొందఱకు ఒక సంశయము కలుగును. అది నిజాము కాలపు నిర్మాణము. నిరంకుశ ప్రభుత్వపు చిహ్నము. దానిని మనమేల కాపాడవలెను? ఈ సంశయమునకు సూటిగ జవాబు చెప్పవలసియున్నది. నిజాము ప్రభుత్వము 1948 సెప్టెంబరుతో ముగిసినది. ఆ ప్రభుత్వపు ఖజానా ఎక్కడినుండి నిండినది? తెలంగాణ, మరాఠవాడ, కర్ణాటక ప్రాంతముల రైతు చెల్లించిన శిస్తునుండి గదా! కొండనుండి ఱాతిని చీల్చినవాడు, సున్నమును గానుగలో నూరినవాడు, కమానును గుండ్రముగ తేల్చినవాడు, వీరెవ్వరును నవాబులు కారు. ఱాజుపేరు ఫలకముమీద నుండవచ్చును. చెమట మాత్రము ప్రజలది. ప్రజల సొత్తును ప్రజలే పాడుచేసికొనుట స్వాతంత్ర్యము కాదు.

అయితే పాడగుట యెట్లు జరిగినది? ఒక్కదినమున కాదు. మొదట కమానును కప్పుచు పేరుపలక వచ్చినది. దానివెనుక తగరపు పందిరి వచ్చినది. ఆపైన తీగల గుత్తులు వ్రేలాడినవి. శీతలయంత్రములను బిగించుటకు ఱాతిని తొలిచినారు. వసారా అంగడిలో కలిసిపోయినది. బాటసారి వీథిలో పడినాడు. వీథిలో మోటారులు నిండినవి. లోపల ఒక గది నాలుగు గదులైనది. వీనిలో ఏ యొక్కటియు కట్టడమును కూల్చలేదు. అన్నియు కలిసి దాని ముఖమును మాపినవి, ఊపిరి బిగించినవి.

మరమ్మతు పేరిట జరుగు అపచారము మఱొకటి. పాతగోడలు సున్నముతో కట్టినవి. గానుగసున్నమున ఇసుకతోపాటు బెల్లపునీరు, కరక్కాయనీరు కలుపుట మన మేస్త్రీల వాడుక. అట్టి గోడ తేమను పీల్చును, మరల విడచును. నేల కొంచెము కుంగిన తానును కొంచెము సర్దుకొనును. దానిపై సిమెంటు పూసినయెడల తేమ లోపల చిక్కుకొనును; ఉప్పు పేరుకొనును; కొన్నియేండ్లకు పూత పెచ్చులై లేచి, తనతో పాతసున్నమును గూడ ఊడదీసికొనిపోవును. చూపునకు గట్టిదైన సిమెంటు పాతగోడకు శత్రువగుట ఇట్లే. 2019 మే నెలలో చార్మినారు స్తంభమొకదానినుండి సున్నపు అలంకారపు ముక్క ఊడిపడినప్పుడు నగరమంతయు కలవరపడినది. నాలుగువందల యేండ్లు దాటిన కట్టడమునకు మరమ్మతు అనునది ఒకసారి చేసి మఱచునది కాదు; ఏటేట సాగవలసిన సేవ.

సాధ్యము కాని పనియని నిట్టూర్చువారికి మొజంజాహీ మార్కెట్టు సమాధానము చెప్పుచున్నది. 1935లో ఱాతితో కట్టిన ఆ విపణి, గడియారపు గోపురముతో సహా, దశాబ్దములపాటు రంగులపూతల క్రిందను, తగరపు చూరుల వెనుకను మరుగుపడియుండెను. 2018లో మొదలైన పునరుద్ధరణమున పూతలు తొలగించి, ఱాతిని కడిగి, కప్పునకు మరమ్మతు చేసి, 2020 ఆగస్టు 14వ తేదీన దానిని మరల ప్రజలకు తెరచినారు. మెచ్చదగిన సంగతి యేమన, అక్కడి వర్తకులను వెడలగొట్టి ఆ స్థలమును చూడవచ్చువారి వినోదశాలగ మార్చలేదు. ఐస్‌క్రీము అంగళ్లు, పండ్ల అంగళ్లు అక్కడనే సాగినవి. కట్టడమును దాని వృత్తినుండి వేఱుచేసినచో మిగులునది బొమ్మయే.

చార్మినారు చుట్టును మోటారులను నిలిపివేసి, ఱాళ్లు పఱచి, పాదచారులకు వీలుకల్పించు పథకము చాలకాలము నత్తనడక నడచి యిటీవలి యేండ్లలో కొంత రూపు దాల్చినది. సమీపమున, 1900లో కట్టబడి పిదప మ్యునిసిపల్ కార్యాలయమైన సర్దార్ మహలునకును పునరుద్ధరణము తలపెట్టబడినది. ఇట్టి పనికి ఢిల్లీనగరపు చాందినీచౌకు ఒక పాఠము. షాజహాను కూతురు జహానారా పదునేడవ శతాబ్దిన తీర్పించిన ఆ వీథిలో, ఎఱ్ఱకోటనుండి ఫతేపురీ మసీదువఱకు 1.3 కిలోమీటర్ల మేర కొత్త ఱాయి పఱచి, పగటివేళ మోటారులను నిషేధించి 2021 సెప్టెంబరులో ప్రారంభోత్సవము చేసినారు. మొదట అందఱును సంతోషించిరి. తరువాత ఱాళ్లు పగులుటను గూర్చియు, నిషిద్ధవేళలందు వాహనములు చొరబడుటను గూర్చియు వర్తకులే మొఱపెట్టుకొనవలసివచ్చినది. ప్రారంభోత్సవమునకు వచ్చినవారు కాపుదలకు రారు. ఏ పథకమునందైనను కట్టుటకు ఖర్చు వ్రాసినప్పుడే కాచుటకును ఖర్చు వ్రాయవలెను.

ఇంతవఱకు చెప్పినది ఱాతి సంగతి. ఇక మనుష్యుల సంగతి. 2025 మే 18వ తేదీ యుదయమున గుల్జార్ హౌజ్ చెంత నొక పాతయింట అగ్నిప్రమాదము సంభవించి పదునేడుగురు మరణించిరి. వారిలో పసిపిల్లలు ఎనమండుగురు. క్రింద నగల అంగళ్లు, పైన నివాసము, లోపలికి పోవుటకు రావుటకు ఇరుకైన దారి. పొగ నిండిన తోడనే తప్పించుకొను మార్గము లేకపోయెను. ఈ దుఃఖము వీథి పునరుద్ధరణమునకు ఒక గీటుఱాయి. ముఖమునకు వెల్లవేసి, దీపములు వ్రేలాడదీసి, లోపలి మెట్లదారిని, మాడిన విద్యుత్తుతీగలను అట్లే విడచిన పని జీర్ణోద్ధారణము కాదు, అలంకరణము మాత్రమే. కమాను అందము చూచుటకు వచ్చువాడు సాయంకాలమునకు మరలిపోవును. కమానుపైన కాపురముండువాడు రాత్రియు నక్కడనే నిద్రించును. మొదటిరూపాయి ఎవరికొఱకు ఖర్చుకావలెనో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ యిండ్లను యజమానులే బాగుచేసికొనరాదా యని యందురు. పాత అంగళ్లకు పాత అద్దెలే సాగుచోట మరమ్మతుపై యజమానికి ఆసక్తి యుండదు. తనది కాని గోడకు తానేల ఖర్చుపెట్టవలెనని అద్దెదారు ఊరకుండును. అన్నదమ్ముల పంపకములలో చిక్కిన ఆస్తులు, వక్ఫు ఆస్తులు, వ్యాజ్యములలో నలుగు ఆస్తులు మఱొకవైపు. భూవసతి గలిగిన మన పాఠకులకు ఇది తెలియనిది కాదు. ఉమ్మడిబావికి పూడిక తీయుటకు ఎవడు ముందుకు వచ్చును? కావున ఆజ్ఞలతో మాత్రమే పని జరుగదు. మరమ్మతు చేయువానికి ఆస్తిపన్నులో తగ్గింపు, తక్కువ వడ్డీకి అప్పు, నేర్పరియైన మేస్త్రీ సాయము, వీనిని ప్రభుత్వము సమకూర్చవలెను. వీథిలో బండ్లమీదను, గంపలలోను అమ్ముకొను బీదవారికి 2014నాటి కేంద్రశాసనము హక్కులను ఇచ్చినది. వీథిని శుభ్రపఱచుట యనగా వారిని ఊడ్చివేయుట యని యెవ్వరును తలపరాదు. వారికి చోటు గుర్తించి యిచ్చుట పథకములో మొదటిపుటనే యుండవలెను.

శాసనముల సంగతియు కొంత చెప్పవలెను. నగరమున వారసత్వ కట్టడములను పట్టికలోనికెక్కించి కాచుటకు 1995లో చేర్చిన నిబంధన 2015 డిసెంబరులో తొలగింపబడినది. 2017లో తెలంగాణ రాష్ట్రము వేఱుగ వారసత్వ శాసనమును చేసినది. ఈ మార్పుల నడుమ ఏ కట్టడమునకు ఏ రక్ష గలదను సందేహము పుట్టినది. ఎఱ్ఱంమంజిలు భవనమును కూల్చి శాసనసభను కట్టదలచిన నిర్ణయమును 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసినది. న్యాయస్థానము కాపాడినందుకు సంతోషింపవలసినదే. కాని ప్రతి కమానుకొఱకు ఒక వ్యాజ్యము వేయుట ప్రజల వశమా? పాతబస్తీ మెట్రోరైలుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగినది, 7.5 కిలోమీటర్ల ఆ మార్గమునకై 2025లో కట్టడముల తొలగింపు మొదలైనది. అదియు హైకోర్టు గడప నెక్కినది. రైలు వలదని మేమనము. పాతబస్తీవాసికి వేగమైన ప్రయాణము ఎంతయు అవసరము. ఏది నిలుచును, ఏది పోవును, పోవువానికి పరిహారమెంత యను లెక్కను ముందుగ బహిరంగముగ ప్రకటించుటయే మా కోరిక.

పాతది పాతదే, కొత్తది కొత్తదే, ఒకసారి పోయినది మరల రాదు గదా యని నిరాశపడువారు పోలండు రాజధానియగు వార్సానగరమును తలచుకొనవలెను. 1944లో నాజీలు ఆ నగరమును పట్టుదలతో నేలమట్టము చేసిరి. ఆ ప్రజలు తిండికి కటకటపడుచునే, పదునెనిమిదవ శతాబ్దిలో ఒక చిత్రకారుడు వ్రాసిన వీథుల చిత్రములను ఆధారము చేసికొని, పాతపట్టణమును తిరిగి లేపిరి. శత్రువు కూల్చినదానిని వారు లేపుకొనిరి. మనది నిలిచియుండగనే మనము జారవిడచుట న్యాయమా?

ఇక మన యింటిసంగతి. మదనపల్లె చేరువనున్న కొండకు ఏనుగు మల్లమ్మకొండ యని పేరు. అప్పటి కడప కలెక్టరు డబ్ల్యు. డి. హార్స్లీ దొర పందొమ్మిదవ శతాబ్దిన దానిపై బంగళా కట్టుకొనుటచే అది హార్స్లీ హిల్స్ అయినది. నాడు మదనపల్లె కడపజిల్లాలోనిది. 1911లో చిత్తూరుజిల్లా ఏర్పడినప్పుడు ఇటు చేరినది. దొరపేరు కొండకు నిలిచినందుకు కొందఱు నొచ్చుకొనవచ్చును. మల్లమ్మపేరును మన నోట నిలుపుకొనుట మనచేతిలోని పని. దానికై పాతబంగళాలను పాడుపెట్టనక్కఱలేదు. కొండపైకి వేసవిలో జనము పెరుగుకొలది విడిదిగృహములు లేచును, బాటలు వెడల్పగును. చల్లదనమును, చెట్లనీడను నమ్మి వచ్చినవారికి కడపట సిమెంటుగోడలే చూపించు దినము రాకుండ ముందే హద్దు గీయవలెను. మదనపల్లె పట్టణముననో, 1915లో స్థాపితమైన బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు విచ్చేసి, జనగణమన గీతమును అక్కడనే ఆంగ్లమునకు మార్చిరి. మార్గరెట్ కజిన్సుగారు స్వరమును కాగితముపై పెట్టిరి. దేశమంతయు లేచినిలిచి పాడు పాటకు మన యూరితో అట్టి బంధుత్వము గలదు. అదే 1915లో ఆరోగ్యవరమున క్షయరోగుల ఆసుపత్రి వెలసినది. పుంగనూరికి జమీందారీ చరిత్ర గలదు. కుప్పపు ఱాయి దూరదేశముల మేడలకు నేలయగుచున్నది. ఊరిలోని ఱాతికట్టడమును పడగొట్టి, ఆ ఱాతిని పరుల యింట మెచ్చుకొనుట మనకు తగునా?

చేయవలసినది పెద్దది కాదు. ప్రతిపట్టణమునను మ్యునిసిపాలిటీ పాతకట్టడముల పట్టికను వ్రాయించి, ఛాయాచిత్రములతో కార్యాలయమున అందఱకును అందుబాటున నుంచవలెను. పట్టికలో నున్న కట్టడమును కూల్చుటకు అర్జీ వచ్చినయెడల ఊరివారికి తెలియజేసి, అభ్యంతరములు వినినపిదపనే ఉత్తరువు ఇయ్యవలెను. గానుగసున్నపు పని తెలిసిన ముదుసలి మేస్త్రీలు బ్రదికియుండగనే పడుచువారికి ఆ విద్య నేర్పించుటకు బడి పెట్టవలెను. వీనికి కోట్లు అక్కఱలేదు, పట్టుదల చాలును. ఆయకట్టు రైతులు కూడి చెఱువుకట్టను కాచుకొన్నట్లు, వీథివారు కూడి వీథిని కాచుకొనవలెను. వీథి కెవరు గలరను ప్రశ్నకు, దానివెంట నడచు మనమే గలమని చెప్పగలిగిననాడు పత్తర్‌గట్టి కమానులును నిలుచును, మన యూరి గోడలును నిలుచును.